పొయ్యి తిన్న ఉప్పు

మొన్న ఆదివారం మధ్యాహ్నం, మదనపల్లెలో మేముండే ఇంటి గోడకు ఆనుకొని ఉన్న పక్కింట్లోంచి ఎండుమిరపకాయలూ కల్లుప్పూ కలిసి కాలే ఘాటు వచ్చింది. వాళ్లింట్లో పసిబిడ్డ ఉంది, దిష్టి తీసినట్టున్నారు. ఇప్పుడు నిప్పుల పొయ్యిలు ఎక్కడివి, గ్యాసు మంట మీద ఇనుప గరిటె పెట్టి అందులోనే వేస్తారు. ముందు ఉప్పు చిటపటమంటుంది, ఆ వెనకనే గొంతు పట్టే ఘాటు లేస్తుంది. మా మనవరాలు స్నేహ అప్పుడే అన్నం తిని కుర్చీలో కూర్చొని ఉంది. ఆ పిల్ల దగ్గింది. నాకు దగ్గు రాలేదు. అరవై దాటినదాన్ని, ఆ వాసన తగిలితే చాలు, ఇంకా గౌను వేసుకున్న పిల్లనైపోతాను. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ వాసన వచ్చిందంటే, అన్నం తిన్న మా కరుణక్క మళ్లీ పడిపోయిందని అర్థం.

మాది నిమ్మనపల్లె దగ్గర ఒక చిన్న ఊరు. నాయన ఒకరి చేన్లలో కూలికి పోయేవాడు, టమోటాల కాలంలో మదనపల్లె మండీకి వెళ్లి గంపలు మోసేవాడు. అమ్మ కలుపు తీతకూ, చెనిక్కాయ, అంటే వేరుశనగ, పీకుడుకూ పోయేది. ఇంట్లో ఉండి మమ్మల్ని చూసుకునేది నాయన తల్లి, మా అవ్వ. పొద్దు పడమటికి వాలేసరికి అవ్వ రాగి సంగటి కుండ దించి, దాన్ని రెండు పాదాల మధ్య అదిమిపట్టి తెడ్డుతో గెలుకుతూ ఉంటే, ఆ ఆవిరి వాసన వీధి దాకా వచ్చి, తొక్కుడుబిళ్ల ఆడుకుంటున్న మమ్మల్ని ఇంట్లోకి లాక్కుపోయేది. చెనిక్కాయలు పీకే రోజుల్లో పచ్చికాయలు ఉడకేసుకుని తినేవాళ్లం. చలికాలం వస్తే అనపకాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే అరుగు మీద వరసగా కూర్చొని ఒక్కొక్క గింజనూ వేళ్లతో పితికి పైతోలు తీసేవాళ్లం, ఆ పితికిపప్పు పులుసు ఉడుకుతుంటే ఇల్లంతా పచ్చి వాసన. క్రిస్మస్ వస్తే కజ్జికాయలూ మురుకులూ, పూర్ణం పెట్టిన అవ్వ చేతి ఓళిగలూ. మేం చర్చికి పోయేవాళ్లం. అవ్వ ప్రతి ముద్దకూ ముందు కళ్లు మూసుకొని ప్రార్థన చేసేది. పాస్టరయ్య ఊళ్లో లేనప్పుడు దిష్టీ తీసేది. రెండూ ఆమెకు ఒకే పనిలాగా ఉండేవి.

కరుణక్క నాకంటే బాగా పెద్దది. మా అందరిలో తిండిపుష్టి దానిదే. సంగటి ముద్దలో గుంట చేసి అందులో ఊరుబిండి పచ్చడి వేసుకొని, అది కరిగే లోపల రెండో ముద్దకు చెయ్యి చాపేది. "దీన్ని మేపేదానికి మీ నాయన ఇంగొక మండీలో మోయాల," అనేది అవ్వ, అంటూనే పెట్టేది.

ఒక వానాకాలం అక్కకు విషజ్వరం వచ్చింది. చాపకు అతుక్కుపోయి, జుట్టంతా రాలి, ఎలాగో బతికి లేచింది. లేచిన పిల్లకు బలం రావాలని అమ్మ మొదటిరోజే పెద్ద ముద్ద పెట్టి, మీద ఉలవచారు పోసింది. అక్క తిన్నది. చెయ్యి కడుక్కుందామని నేలమీది నుంచి లేచింది. గుమ్మం దగ్గరికి పోయేసరికి ముఖం ఎర్రబడి, ఆ తర్వాత తెల్లగా పాలిపోయి, గోడ పట్టుకొని, "అమ్మా, కండ్లు కనపడలా," అని అట్లాగే జారిపోయింది. నేను ఆ పక్కనే ఉన్నాను. పడుకోబెట్టిన కాసేపటికి తెలివి వచ్చింది. అక్క నా చెయ్యి తీసుకుని తన రొమ్ము మీద పెట్టుకుని, "సూడు మే, ఎట్ల కొట్టుకుంటాందో," అంది. ఆ చప్పుడు నా అరచేతిలో ఇప్పటికీ ఉంది. పట్టుకున్న కోడిపిల్లకు అట్లా కొట్టుకుంటుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో తిండి వేళ అంటే భయం వేళ. ఖాళీ కడుపుతో ఉన్నంతసేపు అక్క బాగానే తిరిగేది, నీళ్లు మోసేది, నాతో గచ్చకాయలు ఆడేది. తినగానే చేతులు వణికేవి, చెమట పట్టేది, గుండె దడదడలాడేది. ఎంత ఎక్కువ తింటే అంత ఎక్కువ. వేడివేడిగా తింటే మరీ. ఎండాకాలంలో అయితే చెప్పనే అక్కర్లేదు. తినడం అయ్యాక దాని మోచెయ్యి పట్టుకొని లేపడం నా పని. ఆ మోచెయ్యి నా చేతిలో బరువెక్కుతుందేమో అని, నా ముద్ద నేను సరిగా మింగకుండా దాని ముఖమే చూస్తూ తినేదాన్ని.

అవ్వ మాత్రం ఒకటే మాట మీద ఉంది. "కూటి దిష్టి. తినేటప్పుడు ఎవురో సూసినారు." పిడికిట్లో కల్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొని అక్క తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది. ఉప్పు చిటపటలాడేది. ఘాటు వస్తే మేం దగ్గేవాళ్లం. ఎప్పుడైనా మిరపకాయలు మెత్తబడి ఘాటు రాకపోతే అవ్వ ముఖం నల్లబడేది. "సూడండి, దగ్గే రాలా. ఎంత దిష్టి ఉండాదో!" అని ఇంకొక పిడికెడు తీసేది.

పుంగనూరులో మా మేనత్త ఉండేది. అక్కడి చర్చిలో కోతల పండగకు ఏటా మేమంతా పోయేవాళ్లం. ఆ ఏడూ పోయాం. ఎవరి చేలో పండింది వాళ్లు తెచ్చి, రాగులూ గుమ్మడికాయలూ చెరుకుగడలూ ముందర పేర్చి, ప్రార్థన అయ్యాక షామియానా కింద బంతి భోజనాలు. వేడన్నం, పొట్టేలు మాంసం కూర, పైన పాయసం. అక్క కొంచెమే పెట్టించుకుంది గానీ వడ్డించేవాళ్లు వింటారా, మా మేనత్తే గరిటె తీసుకొని, "ఎముకలు కనపడతాండాయి, తినే!" అని కుప్ప పోసింది. మా వైపు బంతి మర్యాద ఒకటుంది. పెద్దవాళ్లు లేచేదాకా ఎవరూ లేవకూడదు, వాళ్లు లేచాక ఎవరూ కూర్చోకూడదు. ఎవరి ఆకు వాళ్లే ఎత్తుకుపోవాలి. వెనక బంతి ఆకలితో నిలబడి ఉంటుంది కదా.

బంతి లేచింది. అక్క నా వైపు చూసింది. ఆ చూపులో ఉన్న భయం నాకు తెలుసు, కానీ అంతమందిలో "మా అక్క కాసేపు కూర్చుంటుంది" అని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? మోచెయ్యి పట్టుకున్నాను. ఆకు మడిచి ఎత్తుకుని లేచింది. నాలుగడుగులు వేసిందో లేదో, మోచెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. ఆకుతో సహా పడింది. తిన్నదంతా కక్కింది.

ఎవరో నీళ్లు చల్లారు. ఎవరో చీర కొంగుతో విసిరారు. వెనకనుంచి ఒక లావుపాటి ఆవిడ, అందరికీ వినపడేట్టు, "పెండ్లి గాని పిల్ల, తినింది కక్కతాండాది, పడిపోతాండాది. నెల తప్పిండాదేమో అడగండమ్మా!" అంది.

మా అవ్వ నడుం నిలబెట్టి ఆవిడ ముందుకు పోయింది. "నీ నోట్లో మన్ను బడ! సావు దాకా పోయి లేసిన పిల్లమ్మా ఇది. అంత అడగాలని ఉంటే ఇంటికి పోయి నీ కోడల్ని అడుగు, యాల నీతో మాట్లాడదో!" కొందరు నవ్వారు. నాయన నవ్వలేదు. తిరుగు బస్సులో ఇంటికి చేరేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. అక్క పడిపోయినప్పటి కంటే ఆ వీపు చూస్తే నాకు ఎక్కువ భయం వేసింది.

మరుసటి రోజు అమ్మ అక్కను ఆసుపత్రికి తీసుకుపోయింది. బంతి దగ్గర ఆ లావుపాటి ఆవిడ అన్నదేమీ లేదని తేలింది. పడుకోబెట్టి నాడి చూశారు. పడుకుంటే అక్కకు ఏమీ ఉండేది కాదు! రక్తం తక్కువ, బాగా తినిపించండి అన్నారు. అమ్మ ఆ మాట పట్టుకొని ముద్ద పెద్దది చేసింది. అవ్వ తన మాట పట్టుకొని ఉప్పు మానిపించింది. దిష్టి పోవాలంటే చప్పిడి పథ్యం ఉండాలట. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని మజ్జిగ, తలుపు వెనక ఎవరూ చూడని మూల ఒంటరిగా. అక్క రోజురోజుకూ వాడిపోయింది. తెల్లవారి లేవడానికే గోడ పట్టుకునేది. కంచం చప్పుడు వింటే కళ్లలో నీళ్లు తిరిగేవి. "బువ్వ సూస్తే బయమైతాంది మే. తింటే పడతా, తినకపోతే కొడతాది అమ్మ," అని నా చెవిలో చెప్పింది.

ఒకరోజు అక్క గాదె వెనక నక్కి ఉప్పు కుండలో చెయ్యి పెట్టి కల్లుప్పు రాళ్లు చప్పరిస్తూ అవ్వకు దొరికిపోయింది. అవ్వ ఎంత భయపడిందంటే, ముందు కొట్టింది, ఆ తర్వాత కూర్చొని ఏడ్చింది. "దిష్టే దీని చేత ఉప్పు తినిపిస్తాండాది, నా తల్లీ!" అంది. ఉప్పు కుండ అటక మీదికి ఎక్కింది. ఆ సాయంత్రం పొయ్యిలో రెండు పిడికిళ్లు పడ్డాయి.

అక్క చచ్చిపోలేదు. కుప్పంలో ఇచ్చారు. బావ మంచివాడు, చింతపండు వ్యాపారం చేసేవాడు. అక్కడ అక్క తనంతట తానే కొంచెం కొంచెం తినడం, తిన్నాక కాళ్లు చాపుకొని గోడకు ఆనుకొని కూర్చోవడం నేర్చుకుంది. కానీ ఈనాటి వరకూ పెళ్లిళ్లలో బంతికి కూర్చోలేదు. అందరూ పొగరనుకున్నారు.

పోయినేడు స్నేహకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన వారానికి అన్నం తిని లేచి, ఫ్రిజ్ తలుపు పట్టుకొని, "అవ్వా, చీకటిగా ఉంది," అంది. నా చేతిలో గిన్నె కింద పడింది. మదనపల్లెలో చూపించి, చివరికి బెంగుళూరు తీసుకుపోయారు మా అబ్బాయి వాళ్లు. అక్కడి డాక్టరమ్మ పిల్లను పడుకోబెట్టి చూసి, ఆ తర్వాత నిలబెట్టి చూసింది. నిలబడితే గుండె పరుగెత్తింది. దానికి పాట్స్ అని పేరు చెప్పింది. ఇంటికొచ్చి స్నేహ నాకు చెబుతూ, "అవ్వా, ఇంగ్లీషులో కుండల్ని కూడా పాట్స్ అంటారు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు, సంగటి కుండ కళ్ల ముందు నిలిచింది. తిన్నప్పుడు రక్తం కడుపు వైపు పోతుందట, లేచి నిలబడితే కాళ్లలోకి దిగుతుందట, తలకు చాలక గుండె దడదడలాడుతుందట. అందుకని ఒకేసారి ఎక్కువ తినకూడదు, వేడి అన్నం కుప్పలు వద్దు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, నీళ్లు బాగా తాగాలి. ఇంకా, ఈ పిల్లకు ఉప్పు ఎక్కువ వెయ్యండి అని చెప్పింది. నాకు బీపీ, నాకు ఉప్పు తక్కువ. మా వంటింట్లో ఇప్పుడు రెండు మజ్జిగ చెంబులు.

కరుణక్కకు ఉన్నది అదో కాదో ఎవరూ చెప్పలేరు. మొన్న ఆదివారం కుప్పం నుంచి బస్సులో వచ్చింది, పుంగనూరు మీదుగా. స్నేహకు మజ్జిగలో ఉప్పు వేస్తూ నేను డాక్టరమ్మ మాట చెప్పాను. అక్క నా చేతిలో చెంచా వైపు చూసింది. "ఉప్పా?" అంది. ఆ తర్వాత, "మన పొయ్యి ఎంత ఉప్పు తినేసినాది మే!" అని నవ్వింది. నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే పక్కింటి ఘాటు వచ్చింది.

మా ఊళ్లో ఆ ఇల్లు లేదు, పొయ్యి లేదు, తెడ్డు పట్టే అవ్వ లేదు. ఆకు ఎత్తే బంతులు కూడా పోయి బల్లలు వచ్చాయి, తిన్నవాళ్లు ఎంతసేపు కూర్చున్నా అడిగేవాళ్లు లేరు. అక్క పడిపోతే నీళ్లు చల్లినవాళ్లు, నిందలు వేసినవాళ్లు ఒక్కరూ లేరు.

స్నేహ కుర్చీలోంచి లేచింది. చెరొక మోచెయ్యి పట్టుకున్నాం, అక్కా నేనూ.

"బాగుండాను, వదలండవ్వా," అంది.

వదల్లేదు. పిల్ల నవ్వి, నా చెయ్యి తీసుకొని తన గుండె మీద పెట్టుకుంది. అదే చప్పుడు. "కూసో తల్లీ, తగ్గేదాకా కూసో. ఈడ బంతి లేదు, ఎవురూ లెయ్యమనరు," అంది అక్క.

పిల్ల మళ్లీ కూర్చుంది. నా చెయ్యి అక్కడే ఉంచాను, ఆ చప్పుడు మెల్లగా దిగే దాకా.