దాటేసిన మాట

మార్కాపురంలో పలకల దుకాణాల ముందు నుంచి పోతుంటే చిత్రిక పట్టిన కర్ర వాసన వస్తుంది. అక్కడ ఇప్పటికీ నా అడుగు తడబడుతుంది. అది నాకు కొండాచారి వాసన. పలకలకు కర్ర చట్రాలు బిగించే వడ్రంగి ఆయన. అప్పుడు నేను బోర్డు స్కూల్లో ఇంగ్లీషు చెప్పే కొత్త అయ్యవారిని.

ఒకనాడు ఎవరో దొర మోటారుసైకిలు మీద ఊళ్లోకి వచ్చాడు. కొండాచారి దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. దుకాణానికి తిరిగొచ్చి పనిలో పడ్డాక, మోటారుసైకిలు పుట్టుక గురించి పాత పత్రికలో వ్యాసం ఉందని నేను గొప్పగా చెప్పాను. "జర్మనీలో మొట్టమొదటిదాన్ని కర్రతోనే చేశారు మామా."

ఆయన చేతిలో చిత్రిక ఆగింది. "కర్రతోనా? అయితే అది మా వాళ్ల పనే! యాడుంటే ఏంది, వడ్రంగి వడ్రంగే. చదువు అయ్యవారూ, ఒక్క ముక్క ఇడవాకు."

మర్నాడు పత్రిక తెచ్చి, తెలుగులో చెబుతూ చదివాను. కర్ర చట్రం, ఎడ్లబండి చక్రాల్లాంటి చక్రాలు, సీటు కింద ఇంజను. మధ్యలో ఒక మాట అడ్డం వచ్చింది. నాకు అర్థం కాలేదు. చుట్టూ నలుగురు కూర్చుని వింటున్నారు. దాటేశాను.

"ఏంది, ఆడ ఆగినావు?"

"ఏం లేదు మామా, అచ్చు చెదిరింది."

రెండు నెలల్లో కొండాచారి అలాంటి కర్ర బండి తయారుచేశాడు. "ఇంజను సంగతి తర్వాత. ముందు మన గుర్రం నిలబడాల" అంటూ దాని మీద కూర్చుని, పలకరాతి గని పక్క దిబ్బ మీంచి వాలులోకి వదిలాడు. పది బారలు పోయి ఒరిగిపోయింది. ఆయన కుడిచెయ్యి చక్రం కింద నలిగింది. రెండు వేళ్లు పోయాయి.

ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. నేను దాటేసిన మాటకు, ఒరగకుండా పక్కన బిగించే ఆసరా అని ఉంది. వ్యాసంలో ఆ వాక్యం మళ్లీ చదివితే, ఆ బండికి రెండు పక్కలా రెండు చిన్న చక్రాలు.

వారం పాటు ఆ వీధి మొహం చూడలేదు. చివరికి పోయి చెప్పాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని విన్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"నాకు ఇంగ్లీషు రాదని ఊరందరికీ తెలుసు. దానికి నేనేమన్నా చచ్చిపోయినానా? తెలీదని ఒక్క మాట అనుంటే, ఇద్దరం పోయి ఎవర్నన్నా అడిగేవాళ్లం గదా నాయనా."

తర్వాత ఆయన ఎడమచేత్తో పని నేర్చుకున్నాడు. చట్రాల మూలలు వంకర పోయేవి. అలాంటి పలక ఒకటి నా బల్ల మీద ఉంది. పాఠంలో తెలియని మాట వస్తే పిల్లల ముందే దాని మీద రాసి, "ఇది నాకు తెలియదు" అంటాను. ఇన్నేళ్లయినా ఆ మాట అనేముందు ఆ వంకర మూలను వేలితో తడుముకుంటాను.