సంచిలోంచి చదివిన క్యాలెండరు

జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు నడిపే రామకోటేశ్వరరావుకు తన కంటిచూపంటే మహా గర్వం. గుప్పెడు కందిపప్పు చూసి ఏ రకమో ఇట్టే చెప్పేసేవాడు. అరవై దాటినా కళ్లజోడు లేదని అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు.

భార్య వాసవాంబకు షుగరుతో కిడ్నీలు పోయాక, ఇంట్లోనే కడుపులో గొట్టం ద్వారా డయాలసిస్ చేసే పని ఆయనే నేర్చుకున్నాడు. రోజుకు నాలుగుసార్లు మందునీళ్లు ఎక్కించాలి, పాతవి సంచిలోకి దించాలి. కొట్టుకు తాళం వేసి వచ్చి మరీ మోచేతులదాకా సబ్బుతో తోముకునేవాడు. అయినా ఏడాదిలో రెండుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది.

"నా చేతులే మంచివి కావమ్మా," అన్నాడు నందిగామ ఆసుపత్రిలో నర్సు లూర్దమ్మతో.

"చేతులు కాదండీ. రోగాన్ని అడ్డుకునే కణాలు కడుపులో ఉంటాయి. నీళ్లు దించినప్పుడల్లా కొన్ని కొట్టుకుపోతాయి. షుగరున్న ఒంట్లో మిగిలినవాటికీ సత్తువ తక్కువ. అందుకే అమ్మగారికి మళ్లీ మళ్లీ వస్తోంది. ఈసారి ముదిరిందంటే గొట్టం తీసెయ్యాల్సిందే. నీళ్లు దించిన సంచి కింద అచ్చు కాగితం పెట్టి పైనుంచి చదవండి. అక్షరాలు మసగ్గా ఉంటే ఆ పూటే వచ్చెయ్యండి."

గొట్టం తీసేస్తే ఇక మిగిలేది మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవడం. వాసవాంబ గుండె దానికి తట్టుకోదని డాక్టరు ముందే చెప్పాడు.

కాగితమంటే ఆయన చేతికందింది తన కొట్టు పేరుతో అచ్చువేయించిన క్యాలెండరు. ఏటా ప్రూఫు తానే దిద్దేవాడు. దాని మీద సంచి పెట్టి రోజూ పైకి చదివేవాడు.

"శ్రీ వాసవాంబ జనరల్ స్టోర్స్, మెయిన్ రోడ్, జగ్గయ్యపేట. నీళ్లు బాగానే ఉన్నాయే."

శ్రావణంలో వాసవాంబకు కడుపునొప్పి మొదలైంది. ఆయన చదివాడు. మర్నాడూ అక్షరం పొల్లుపోకుండా చదివాడు. మూడోనాడు ఆమె చలిజ్వరంతో వణికిపోతుంటే సంచితో సహా కారులో నందిగామ పరుగెత్తాడు.

"రోజూ చూశానమ్మా. అన్నీ చదివా."

లూర్దమ్మ ఆ సంచి కింద ఆనాటి పేపరు పెట్టింది. ఆయన వంగాడు. ఇంకా వంగాడు. గంజిలాంటి తెలుపు తప్ప ఏమీ కనపడలేదు. ఇన్నాళ్లూ తాను చదివింది కళ్లతో కాదని పాపం అప్పుడు తెలిసింది.

సాయంత్రం గొట్టం తీసేశారు. ఆమె మంచం పక్కన కూర్చుని ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నేనే చేశా వాసవీ. చూడకుండానే చదివా."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"నాకు మొదటిరోజే మసగ్గా కనపడిందండీ. మీరంత గడగడా చదువుతుంటే షుగరుకు నా కళ్లు కూడా పోయాయనుకున్నా."