ఎర్ర రంగు లోపల మా చేను

ఆదిలాబాద్ దగ్గర మా పత్తి చేనుకు ఆవల ఒక పాత విమాన మైదానం ఉంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అక్కడ దిగింది కొంగలే. దాని మీద నాకు కోపం పుట్టింది మాత్రం డ్రోన్ నేర్చుకున్నాకే.

నేర్చుకున్నది మా నాన్న, బాపు కోసం. ఒకసారి పత్తికి మందు కొడుతూ ఆయన సాళ్ల మధ్యే పడిపోయాడు. ఆ మందు గాలి లోపలికి పోయిందని, మళ్లీ పంపు వీపుకెత్తుకుంటే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. అందుకే మహిళా సంఘంలో మందు కొట్టే డ్రోన్ శిక్షణకు ఎవరు పోతారని అడిగితే అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను.

ఊరికి అటువైపు చేలన్నిటికీ మందు కొట్టాక మా వంతు వచ్చింది. బాపు కొత్త తువ్వాల వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. డ్రోన్ లేవలేదు. ఫోన్‌లో పటం చూస్తే మా చేనంతా ఎరుపు. పచ్చరంగులో ఎగరొచ్చు, పసుపులో అడిగి ఎగరాలి, ఎరుపులో ఎగరకూడదు. ఇదంతా శిక్షణలో బట్టీ పట్టిందే. విమానాలే దిగని ఆ మైదానం చుట్టూ గీసిన ఎరుపు మా నెత్తినే పడుతుందని అనుకోలేదు.

పక్క చేను పెద్దమ్మ ఉరికొచ్చింది. మా ఊళ్లో పటం మీద ఎరుపంటే సర్కారు భూమి తీసుకోవడమే.

"జర నాది గూడ సూడు బిడ్డా, ఎర్రగున్నదా? పోతదా?"

"భూమి పోదు పెద్దమ్మా. దాని మీదున్న గాలే మనది కాదు."

"గాలికి గూడ పట్టా ఉంటదా!" అని బుగ్గలు నొక్కుకుంది.

శిక్షణలో సహాయం కోసం ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. అది ఎక్కడో పెద్ద విమానాశ్రయంలో విమానాలకు దారి చెప్పే అతనికి కలిసింది. వెనక ఆగకుండా మాటలు. అతని గొంతు ఎండిపోయి ఉంది.

"అమ్మా, ఒక మనిషి రాలేదు, అతని పని కూడా నేనే చూస్తున్నా. విమానాలన్నీ ఒకేసారి దిగుతామంటున్నాయి. ఆ ఎరుపు తుడిచే అధికారం నాకు లేదు," అన్నాడు.

తిట్టాలనుకున్నదాన్ని ఫోన్ పెట్టేశాను. నాతో మాట్లాడే ఆ కాసేపట్లో అతని చూపు తప్పితే? విమానానికి చిన్న డ్రోన్ తగిలినా ఏమవుతుందో నాకూ నేర్పారు. కోప్పడడానికి కూడా ఎవరూ దొరకలేదు.

తెల్లదోమకు ఇదంతా తెలియదు. ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఆ వారం ఎవరి చేలో చూసినా అదే పురుగు, కూలీకి ఒక్కరూ రాలేదు. నేను కొడతానంటే బాపు కసురుకున్నాడు.

"నీ సంకల పాలు తాగే పొల్ల ఉన్నది. మందు ముట్టకు."

"డాక్టరు వద్దన్నడు గదా బాపూ!"

"డాక్టరు వచ్చి కొడ్తడా?"

మందు ఆయనే కలుపుకున్నాడు. ముక్కు మీద తువ్వాల నన్ను కట్టమన్నాడు. "ఇంక జర గట్టిగ గుంజు," అన్నాడు. గుంజి ముడేశాను. పంపు ఎత్తి ఆయన వీపుకు తగిలించింది కూడా నా చేతులే.

డ్రోన్ గట్టు మీదే కూర్చుంది, దాని పక్కన నేను. పత్తి ఎత్తుగా పెరిగింది, రెండు సాళ్లు దాటాక బాపు కనిపించలేదు. దగ్గు మాత్రం వినిపిస్తోంది. అది వినిపిస్తున్నంతసేపే నాకు ధైర్యం.