అక్క సీటు, బావ స్ప్రింగులు

మా బావ జీపు కింద ఉన్నప్పుడు ఆయనతో మాట్లాడాలంటే పాదాలతో మాట్లాడుకోవాలి. బయటికి కనిపించేవి అవే. ఆ మధ్య సిద్ధగోరాలో వాళ్ళింటికి వెళ్ళేసరికి పాదాలు బయట, మనిషి లోపల, వంగి చూస్తే నేను పొద్దున్నించీ వెతుకుతున్న నా కుట్టు టేపు ఆయన చేతిలో. జీపు కడుపుకీ నేలకీ మధ్య ఎంత జాగా ఉందో కొలుస్తున్నాడు.

“జాకెట్టు కుట్టిత్తావేటి బావా జీపుకి?” అన్నాను.

పాదాలు కదిలాయి. బావని ఆటపట్టించడం మరదలి జన్మహక్కు. ఈ హక్కుకి సర్టిఫికెట్టు అక్కర్లేదు కాబట్టి దీన్నొక్కదాన్నే నేను పూర్తిగా సంపాదించాను. ఎనిమిదో తరగతిలో లెక్కల మేష్టారూ నేనూ ఒకరినొకరం భరించలేక విడిపోయాక కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టాను. ఇప్పుడు సాక్చి బజారులో బండ్లకి సీటు కవర్లు కుట్టే కొట్టు నాది. ఏ బండి చూసినా నాకు ముందు సీట్లే కనిపిస్తాయి. బావకి చక్రాలు కనిపిస్తాయి. అక్కకి మేమిద్దరం కనిపిస్తాం, టీ పెట్టాల్సిన మనుషుల్లా.

కొలతల గోలకి కారణం ఒక బండరాయి. పోయిన వానాకాలం దల్మా కొండల అవతల రాళ్ళదారిలో వెళ్తుంటే అది జీపు కడుపుని గీరేసింది. వెనక సీట్లో నా తల టాపుకి కొట్టుకుంది. ముందు సీట్లో అక్క పిడి పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. బావ దిగి ముందు జీపుని పరామర్శించాడు. తర్వాత మమ్మల్ని కూడా అడిగాడు, మర్యాద తెలిసిన మనిషి. ఆ రోజునించీ జీపుని ఎత్తించాలన్న పిచ్చి పట్టుకుంది.

ఎత్తించడానికి రెండు దారులు. ఉన్న స్ప్రింగు మీదే స్పేసరనే దళసరి బిళ్ళ పెట్టడం ఒకటి, పొట్టివాడు పీటెక్కి నిలబడ్డట్టు. ఖర్చు తక్కువ, కానీ బిళ్ళ మరీ దళసరైతే చక్రం గుంటలోకి దిగాల్సినంత దిగదు. పొడుగ్గా, గట్టిగా ఉండే కొత్త స్ప్రింగులు వేయడం రెండోది. ఇందులో తిరకాసేమిటంటే, బండి ఎప్పుడూ ఎంత బరువు మోస్తుందో ముందే తెలియాలి. పెద్ద బరువుకి చేసిన స్ప్రింగు ఖాళీ బండిని గుర్రంలా ఎగరేస్తుంది. చిన్న బరువుకి చేసింది నిండు బండి కింద గేదెలా చతికిలబడుతుంది.

బావ ఉక్కు ప్లాంటులో ఫోర్‌మన్. ఈ ఊళ్ళో ఇనుము మీద అభిప్రాయం లేనివాడు ఇంకా పుట్టలేదు. వైరు మిల్లు ఆయన స్ప్రింగే మేలన్నాడు. లేతు మీద పనిచేసే ఆయన బిళ్ళే మేలు, తనే తిప్పి ఇస్తానన్నాడు. క్యాంటీన్‌లో పూరీలు వేయించే ఆయనైతే రెండు రకాలూ కలిపి వాడమన్నాడు, అదేదో నూనె అయినట్టు. అందరి మాటా విని బావ నాలుగంగుళాలు లేపాలని తేల్చుకున్నాడు.

ఇంత సంతలో అక్క ఒక్క మాటా అనలేదు. అక్క మనిషి పొట్టి, ఒళ్ళు నిండు. ఆమె మోకాళ్ళు వాన కబురు రేడియో కంటే ముందు చెబుతాయి. ఆదివారం సాయంత్రం బావ పక్కన కూర్చుని నది ఒడ్డు రోడ్డు మీద వెళ్ళి రావడమే ఆమెకున్న ఒక్క షికారు. వారమంతా జాడీలో పచ్చడిలా మూతపెట్టి ఉంచిన మాటలన్నీ ఆ సీట్లోనే బయటికి తీస్తుంది. ఆ సీటు కవరు నేనే కుట్టాను, అక్క నడుముకని ఒక పొర స్పాంజి ఎక్కువ వేసి.

ఒక మధ్యాహ్నం, బావ డ్యూటీ దిగొచ్చి నిద్రపోతుంటే, అక్క జీపు దగ్గర ఒక్కతే కనిపించింది. పిడి పట్టుకుని కుడికాలు లేపుతోంది. కాలు జీపు గడప మీద పెట్టడం లేదు. దానికి పైన, గాల్లో ఆపుతోంది. లేని ఎత్తుని ఎక్కి చూస్తోందని అర్థమవడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

“ఏటక్కా, డాన్సు నేర్సుకుంటన్నావా?”

కాలు దించింది. “నాలుగంగులాలంటే ఎంతవుద్దే?”

చేత్తో చూపించాను. కొంచెం తగ్గించే చూపించాను. దాన్ని చూసి, మోకాలు రుద్దుకుంది.

“అయితే ఆదివారాలు ఇక ఇంటికాడే. మీ బావకి సెప్పకు. సరదా పడతన్నారు.”

చెప్పనని ఒట్టు పెట్టించుకుంది. చెప్పొద్దంది గానీ, తనని వెంట తీసుకెళ్ళొద్దనలేదుగా. సీటు కొలతలు మళ్ళీ తీయాలని, సీటులో కూర్చునే మనిషి లేకుండా కొలవలేనని నాలుగబద్ధాలాడి, గమ్హరియాలో గ్యారేజీకి అక్కని కూడా లాక్కెళ్ళాను.

అక్కడి మిస్త్రీ, అంటే మెకానిక్కు, బావ చెప్పినదంతా విని, స్ప్రింగుల జతలు రెండు తెచ్చి నేలమీద నిలబెట్టాడు. తర్వాత హిందీలో అసలు ప్రశ్న అడిగాడు, బండి మీద ఎప్పుడూ ఉండే బరువేమిటని. బావ ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. ముందు ఇనప బంపరు, బండి దిగబడితే లాగే విన్చి, ఇంకో టైరు, నీళ్ళ డబ్బాలు, టెంటు.

“ఔర్ బైఠేగా కౌన్?” అన్నాడు మిస్త్రీ. మరి కూర్చునేదెవరని.

“బస్, మై అకేలా,” అన్నాడు బావ. నేనొక్కణ్ణే.

అక్క వెనక ప్లాస్టిక్ కుర్చీలో టీ గ్లాసు పట్టుకుని ఉంది. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళున్నాక ఆ పాటి హిందీ ఎవరికైనా అర్థమవుతుంది.

“మరి నన్నెక్కడ దింపీసినారు?” అంది అక్క, చాలా మామూలుగా.

బావ వెనక్కి తిరిగాడు. “అది గాదు. కొండదారంటే నీకు బయం గదా. కళ్ళు మూసుకుంటావు.”

“కళ్ళు మూసుకుంటే దిగిపోయినట్టేటి?”

మిస్త్రీకి తెలుగు రాదు గానీ పెళ్ళయినవాడు. ఏదో పానా వెతుక్కుంటూ అవతలికి పోయాడు. బావ గ్యారేజీలో నాలుగంగుళాలు లేపి ఉన్న ఎవరిదో జీపు దగ్గరికి అక్కని తీసుకెళ్ళి ఎక్కి చూడమన్నాడు. అక్క ఇంటి దగ్గర చేసినట్టే పిడి పట్టుకుని కాలు లేపింది. అందలేదు. రెండోసారీ అందలేదు. అక్క నవ్వింది. బావ నవ్వలేదు.

వచ్చి మిస్త్రీతో బంపరు వద్దన్నాడు, విన్చి వద్దన్నాడు. రెండంగుళాలు చాలు, ఇంట్లోవాళ్ళు ఎక్కే బండికి సరిపోయే స్ప్రింగులు వేయమన్నాడు. అయితే మేడమ్ బరువెంతో చెప్పమన్నాడు మిస్త్రీ. అక్క హఠాత్తుగా రోడ్డు అవతలి ఫ్యాక్టరీ చిమ్నీని శ్రద్ధగా చూడసాగింది. ఆ లెక్క మా ఇంట్లో దేవుడికి కూడా చెప్పం, స్ప్రింగులు బిగించాక ఎక్కించే చూసుకోమన్నాను.

సాయంత్రానికి బిగించడం అయింది. మిస్త్రీ బావ ఒక్కడినీ డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, నా టేపుతోనే రెండు పక్కలా కొలిచాడు. కుడివైపు ఓ వేలి మందం దిగింది. ఒంటరిగా నడిపేవాళ్ళందరికీ ఇంతేనట, ఆ పక్క స్ప్రింగు మీద పల్చటి స్పేసరొకటి వేస్తే బండి తిన్నగా నిలబడుతుందట. అరలోంచి బిళ్ళ తీసి తుడుస్తున్నాడు.

“రుకో, రుకో,” ఆగమంటూ బావ దిగాడు. మూల పడున్న పాత టైరు దొర్లించుకొచ్చి, ఎడమ తలుపు కింద పడుకోబెట్టాడు. అక్క దానిమీద కాలేసి, అక్కణ్ణించి జీపులో కాలేసి, బావ భుజం ఆసరాతో తన సీట్లోకి చేరింది. బావ ఇటు తిరిగొచ్చి ఎక్కాడు. ఎడమవైపు స్ప్రింగు నెమ్మదిగా కుదురుకుంది.

మిస్త్రీ కొలిచాడు. అటు వెళ్ళి కొలిచాడు. మళ్ళీ ఇటొచ్చి కొలిచి, బిళ్ళ తీసుకెళ్ళి అరలో పెట్టేశాడు.

“బిళ్ళెందుకు, మనిషుంటే,” అన్నాడు బావ. మిస్త్రీతో అనాల్సినమాట తెలుగులో ఎందుకన్నాడో నేనడగలేదు. అక్క మాత్రం చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ చాలాసేపు తల ఎత్తలేదు.

తర్వాత బావ కాలు జారని గళ్ళ ఇనప ప్లేటు కోసి జీపుకి మెట్టు వెల్డింగు చేయించాడు. దల్మా అవతలి దారికి మళ్ళీ వెళ్ళాం. రెండంగుళాలు ఆ బండరాయికి ఓ లెక్క కాదు, ఈసారీ కడుపుకి తగిలింది. బావ ముఖం మాడ్చుకుంటే, అక్క కళ్ళు మూసుకునే, “రాయి పెరిగినట్టుందండి,” అంది.

ఇప్పటికీ బావ ఒక్కడూ డ్యూటీకి వెళ్ళేటప్పుడు జీపు కుడివైపుకి కాస్త ఒరిగే వెళ్తుంది. ప్లాంటు మిత్రులందరూ చూశారట, అందరి దగ్గరా సలహాలున్నాయట. మొన్న నేనూ ఊరుకోలేక అడిగాను.

“బావా, నీ బండి ఓపక్కకి ఒరిగిపోతంది, సూసుకున్నావా?”

“ఆదివారం మీ అక్క ఎక్కితే సరవుద్దిలే,” అని గేరు వేశాడు.