విత్తనాల గంపలో మానిపండు

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు మా గూడెంల విత్తనాలు కలిపినం. తొలకరికి ముందు ప్రతి ఇంటి నుంచి దోసెడు వడ్లు తెచ్చి అమ్మవారి గద్దె ముందు ఒక్క గంపలనే పోస్తం. పూజారి కలియబెట్టి ఇంటికింత పంచుతడు. దాన్ని ఇంట్ల విత్తనంల కలుపుకొని నారు పోస్తం.

ఆ గంపల మా వదిన దోసెడు కూడ పడ్డది. పోయినేడు ఆమె మడిల కంకులకు పసుపు ఉండలు లేచినయి. మానిపండు అంటం. అది లేస్తే లచ్చిమి వచ్చినట్టేనని పెద్దల మాట. అందుకే ఆ మడి వడ్లే విత్తనానికి దాచింది. ఆ మడి కంకులనే కుచ్చుగ కట్టి చూరుకు వేలాడదీస్తే, పిచ్చుకలు మాత్రం ముట్టలే. ఉండలు ఎండి గడప మీద నల్లటి పొడి రాలేది. ఇదేదో తెగులేమో వదినా అని నేనంటే ఇనకపోయేది.

"నా పంట చూసి ఓర్వలేవు నువ్వు," అనేది వదిన.

ఆదివారం నా వంతు గింజలు అందుకుంటే అరచెయ్యి నల్లగైంది. మంగళవారం ఆ గింజలు కొంగున కట్టుకొని, వదినను బస్సెక్కించి భద్రాచలం తీసుకపోయిన. నేను ముసలితనంల నేర్చిన అక్షరాలు కూడబలుక్కొని బోర్డు చదివి, వ్యవసాయ ల్యాబుల అడుగుపెట్టినం. అక్కడి మేడం గింజ మీది పొడిని నీటి చుక్కల కలిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. అటూ ఇటూ జరిపి చూసింది.

"ఏంది బిడ్డా, లచ్చిమి కనబడ్డదా?" అన్నది వదిన.

"లచ్చిమి కాదవ్వా, బూజు. మానిపండు తెగులు ఇదే."

నేనూ కన్ను పెట్టి చూసిన. గుండ్రటి నలుసులు, ఒళ్లంతా పొక్కులు. ఒక్క చుక్కల లెక్కలేనన్ని.

"మంచి గింజకూ అంటుకుంటది. ఈ వడ్లు వేరే విత్తనంల కలపకండి," అన్నది మేడం.

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనే అడిగిన: "కలిపితే?"

"నారు పొయ్యకముందే అందరికి చెప్పండి. విత్తనానికి మందు పట్టించాలె."

తిరుగు బస్సుల ఉండంగనే చినుకులు మొదలైనయి. ఏటా తొలివానకు చేతులెత్తి మొక్కే మా వదిన, "ఆగు తల్లీ, ఆగు," అనుకుంట కూసున్నది. బస్సు దిగేసరికి మొదటి మడిల నాకు వరుసకు తమ్ముడు మొలకలు చల్లుతున్నడు. ఆదివారమే నానబోసిండట.

"వాన మంచి టైముకొచ్చిందక్కా!" అని ఖాళీ గంప ఎత్తి చూపిండు.

వదిన చెప్పులు రోడ్డు మీదనే ఇడిచి పక్కింటి దిక్కు ఉరికింది. ఆమె ఎనుక నడుసుకుంట, ఇంకెవరికి చెప్పాలెనో గుర్తు చేసుకున్న. ఆదివారం గంప కాడ ఉన్నది వీళ్లు: పూజారి, ఆయన పెండ్లాం, మా అన్న, వదిన, ఈ తమ్ముడు, వాగు అవతలి అక్కచెల్లెండ్లు ఇద్దరు, మేకలు కాసే తాత, కొత్తగ కాపురానికొచ్చిన ఆయన మనుమరాలు, నేను.