ఒకే చోట తెరుచుకునే పుస్తకం

పుస్తకాలు కుట్టేవాణ్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ఇతన్ని అందరూ జిగురు అనేవాళ్లు. వేళ్ల సందుల్లో ఎండిన జిగురు పొలుసులు ఎప్పుడూ ఉండేవి, పెళ్లినాడు కూడా పోలేదు. రిజిస్టర్లు, బడిపుస్తకాలు, మందిరంలో పాటల పుస్తకాలు కుట్టి అట్టలు వేయడం అతని పని. నెమ్మదస్తుడని పేరు. మన జనం లెక్కలో నెమ్మదస్తుడంటే ఎదురు చెప్పనివాడు. చెప్పే సందు అతనికి ఎవరిచ్చారు గనక?

ఇవ్వనిది అక్క. అతనికి తొమ్మిదేళ్లప్పుడు అమ్మా నాన్నా ఒకే వారంలో జ్వరంతో పోయారు. పద్దెనిమిదేళ్ల అక్క లాండ్రీలో ఇస్త్రీపనికి కుదిరి తమ్ముణ్ని పెంచింది. ఆ పుణ్యం కాదనను. కానీ గుక్కెడు నీళ్లు తాగడం తప్ప మిగతా ప్రతి పనీ దేవుణ్ని అడిగే చేసేది. అడిగే పద్ధతి ఒకటే. మోకాళ్లూని, కళ్లు మూసుకుని, నాన్న బైబిలును వెన్ను కిందికి ఉండేలా ఒళ్లో నిలబెట్టి, రెండు చేతులూ వదిలేసేది. అది ఎక్కడ తెరుచుకుంటే అక్కడ వేలు పెట్టేది. వేలి కింది మాటే జవాబు. మందిరంలో ఆవిణ్ని వాక్యం అక్కయ్య అనేవాళ్లు. "తల్లీ, దేవుడు బుర్ర కూడా ఇచ్చాడు, దాన్నీ కాస్త వాడమ్మా" అని పాస్టరు గారు ఒకసారి మెత్తగా చెప్పి చూశారు. అది కూడా దేవుణ్ని అడిగి చెబుతానంది.

తమ్ముడు ఎనిమిదో తరగతి పాసయ్యాడు. తొమ్మిది చదివించాలా? వేలి కింద గ్రంథపు చుట్ట అన్న మాట వచ్చింది. ఇంకేం, పుస్తకాల పనిలో పెట్టమన్నాడని తేల్చి బైండింగు షాపులో దించి వచ్చింది. లాండ్రీ వ్యాను నడిపే డ్రైవరు ఆవిణ్ని చేసుకుంటానని వచ్చాడు. మంచివాడు, నవ్వితే గదంతా నిండేది, ఆవిడకూ ఇష్టమే. వేలి కింద ఏముందయ్యా అంటే గుడారం తెరల కొలతలు, పొడుగు ఇన్ని మూరలు, వెడల్పు ఇన్ని మూరలు. "తెర అంటే మరుగు. వద్దంటున్నాడు" అంది. డ్రైవరు మూడు నెలలు చూసి వేరే పిల్లను చేసుకున్నాడు. ఆవిడ వారం రోజులు చొక్కాలకు కాలర్లు తిరగేసి ఇస్త్రీ చేసి యజమాని చేత తిట్లు తింది. ఏడవలేదు. దేవుడు వద్దన్నదానికి ఏడవకూడదట.

జిగురుకు ముప్ఫై రెండేళ్లు వచ్చాయి. ప్రెస్సులో పేజీలు వరసగా ఉన్నాయో లేదో చూసే అమ్మాయి మీద మనసు పడ్డాడు. అక్క మూడుసార్లు అడిగింది. మొదట మిడతలు, తర్వాత కుష్ఠు, ఆ తర్వాత యుద్ధం వచ్చాయి. "ఇంతకన్నా స్పష్టంగా ఇంకెవరు చెబుతార్రా?" అంది.

ఆ ఏడే నాన్న బైబిలు ఊడిపోయింది. కుట్టు తెగి, మధ్య ఆకులు జారిపోతుంటే అక్క దాన్ని గుడ్డలో చుట్టి తమ్ముడికిచ్చింది. ఇచ్చింది ఎవరికి? పుస్తకం తనంతట తాను ఎక్కడా తెరుచుకోదని తెలిసిన ఒకే ఒక్కడికి. వెన్ను ఎక్కడ విరిగితే పుస్తకం అక్కడ నోరు తెరుస్తుంది. జిగురు పూర్తిగా ఆరకముందు ఒక పేజీ దగ్గర విప్పి, బరువు పెట్టి, రెండ్రోజులు వదిలేస్తే చచ్చేదాకా అక్కడే తెరుచుకుంటుంది. పనివాళ్లు దాన్ని తప్పుపని అంటారు. జిగురు ఆ తప్పును కావాలని చేశాడు. పేజీ కూడా వెతికి పెట్టుకున్నాడు. యజమాని కొడుక్కి పిల్లను చూడబోయిన సేవకుడికి బావి దగ్గర అమ్మాయి నీళ్లు పోసిన కథ, ఆ పేజీ.

పుస్తకం బాగై వచ్చాక అక్క పెళ్లి సంగతి మళ్లీ అడిగి, కళ్లు మూసుకుని వదిలింది. బావి వచ్చింది. వేలు అమ్మాయి అన్న మాట మీద పడింది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "లోపలున్న మిడతల్ని తోలేశాడురా దేవుడు" అంది. నెలలో పెళ్లయింది, మరుసటి ఏడు బిడ్డ పుట్టింది. పేజీలమ్మాయి, పాపం, దేవుడే తనని ఈ ఇంటికి తెచ్చాడని నమ్మింది. వచ్చినవాళ్లందరికీ ఆ ముక్క చెప్పేది. మొగుడు తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడి వినేవాడు.

ఆరేళ్లు ఆ ఇంటికి బావే దిక్కయింది. ప్రతిసారీ అదే పేజీ రావడం అక్కకు వింతగా తోచలేదు, ఇంకా మురిసిపోయింది. "మన ఇంటికి ఒక పేజీ ఖాయం చేశాడు" అనేది. ఇల్లు మారాలా అంటే ఒంటెలు వచ్చాయి, ప్రయాణమన్నమాట, మారారు. కొత్త బీరువా కొనాలా అంటే చేతికడియాలు వచ్చాయి, కొన్నారు. జిగురు లోలోపల నవ్వుకున్నాడు. ఇరవై మూడేళ్లు తన మీద సాగిన పెత్తనం ఇప్పుడు తన దారం చివర ఆడుతోంటే నవ్వు రాదా? ఆ నవ్వుకే కదా తర్వాత మూల్యం కట్టాల్సి వచ్చింది.

అక్కకు కడుపులో గడ్డ లేచింది. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "ఈ నెలలో తీసేస్తే బతుకుతారు. ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదు." అక్క తలూపి, దేవుణ్ని అడిగి వస్తానంది.

బావి పేజీ తెరుచుకుంది. ఆ కథ చివర సేవకుడు పెళ్లివాళ్లతో ఒక మాటంటాడు, నన్ను ఆపకండి, నా యజమాని దగ్గరికి పంపేయండి అని. వేలు సరిగ్గా ఆ మాట మీద పడింది.

"చూశావా" అంది అక్క, ఎంతో శాంతంగా. "నన్ను ఆపొద్దంటున్నాడు. యజమాని దగ్గరికి పంపేయమంటున్నాడు. ఇక కోతా వద్దు, కుట్టూ వద్దు."

 జిగురు ఆ క్షణానే నిజం చెప్పేయాల్సింది. చెప్తే భార్య ఏమంటుంది? దేవుడిచ్చిన పెళ్లాం కాస్తా జిగురిచ్చిన పెళ్లాం అవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నుయ్యి కూడా తను తవ్వుకున్నదే. పిరికివాడు ఎప్పుడూ చేసే పనే చేశాడు, ఇంకో దొంగపని. దారం వదులైందని సాకు చెప్పి, మూడ్రోజులకని పుస్తకం షాపుకు తీసుకెళ్లాడు. జబ్బుపడ్డ రాజు పుండుకు అంజూరపు పండ్ల ముద్ద వేయించిన చోట విరిచి బరువు పెట్టాడు. దేవుడే మందు వేయించిన చోటు అది. తెచ్చిచ్చి, ఇంకొక్కసారి అడగమని అక్క కాళ్లు పట్టుకున్నాడు. అడిగింది. పాత విరుపు పాత విరుపే, బావే వచ్చింది.

"ఇక అడగను. అడిగిందే అడిగితే అవిశ్వాసం" అంది అక్క.

అలా అయిదు వారాలు పోయాయి. ఆవిడ చెంపలు లోపలికి పోయాయి. అప్పుడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, జిగురు మధ్యాహ్నం పూట లాండ్రీకి వెళ్లాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని పిల్లల చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది, నిలబడలేక.

"అక్కా, ఆ పేజీ దేవుడు తెరవట్లేదు. నేను తెరిచా. కుట్టేటప్పుడు అక్కడ విరిచి బరువు పెట్టా. నా పెళ్లి కోసం."

ఆవిడ చేతిలో పెట్టె ఆగలేదు. కాలరు పూర్తిచేసి, చొక్కా మడిచింది.

"మరి అంతకుముందు?"

"అంతకుముందు నాన్న ఎక్కడెక్కడ బొటనవేలు నొక్కిపట్టి ఎక్కువ చదివాడో అక్కడ విరిగి ఉంటదక్కా. పుస్తకాలన్నీ అంతే."

నోట్లోంచి వచ్చేశాక గానీ అతనికి తెలియలేదు, తను ఏం కోసేశాడో. అక్క చాలాసేపు అతని చేతుల్నే చూసింది, ఆ జిగురు పొలుసుల్ని.

"అయితే డ్రైవరును పంపేసింది నాన్న బొటనవేలా?" అంది.

 ఇస్త్రీబల్ల అవతల ఇరవై నాలుగేళ్లు కూర్చుని ఉన్నాయి. ఒంటరి మంచం, కనని బిడ్డలు, గదంతా నిండే ఆ నవ్వు. ఆస్పత్రికి వెళ్లాలంటే ముందు ఆవిడ వాటన్నిటినీ ఊరికే పారేసుకున్నానని ఒప్పుకోవాలి. కడుపు కోయించుకోవడం దాని ముందు ఎంత?

"నువ్వు అబద్ధం ఆడుతున్నావు" అంది చివరికి. "నన్ను బతికించుకోవాలని ఆడుతున్నావు. పోనీలే, క్షమించా."

"నా బిడ్డ మీద ఒట్టక్కా!"

"ఒట్టు పెట్టుకోవద్దని వాక్యం" అని ఇంకో చొక్కా బల్ల మీదికి లాక్కుంది.

ఆ తర్వాత ఆవిడ తొమ్మిది వారాలు బతికింది, చివరి మూడూ అరుస్తూ. పేజీలమ్మాయి మలమూత్రాలెత్తి సేవ చేసింది. "దేవుడు చూపించిన దారే కదండీ, మనం అడ్డుపడగలమా?" అని మొగుణ్నే ఓదార్చింది. అతను భార్యకు నిజం చెప్పనేలేదు. ఒకసారి చెప్పి చూశాడుగా.

సమాధి దగ్గర పాస్టరు గారు అక్క బైబిలే చేతిలోకి తీసుకున్నారు. ఆయన చదవాలనుకున్నది వేరే చోట ఉంది. పుస్తకం బావి దగ్గర తెరుచుకుంది. ఆయన చూపు నన్ను ఆపకండి అన్న మాట మీద ఆగింది. అదే చదివారు. జనం ఘొల్లున ఏడ్చి ఆమెన్ అన్నారు. భార్య మోచేత్తో పొడిస్తే జిగురు కూడా అన్నాడు, అందరికీ వినపడేలా.

రెండు వారాలకు మందిరం నుంచి ఒకావిడ షాపుకు వచ్చింది. కొడుకును ఏ పనిలో పెట్టాలో తేలక సతమతమవుతోందట. సంచీలోంచి చివికిన బైబిలు తీసి బల్ల మీద పెట్టింది.

"అచ్చం వాక్యం అక్కయ్య పుస్తకంలాగా కట్టివ్వు తమ్ముడూ. ఆమెకెంత బాగా చెప్పేదో!"

"ఏ పేజీ దగ్గర తెరుచుకోవాలమ్మా?" అన్నాడు జిగురు.

ఆవిడ వేళాకోళమనుకుని నవ్వింది. అతను చెవి మీది పెన్సిలు తీసుకుని, రాసుకోడానికి చీటీ ముందు పెట్టుకుని, జవాబు కోసం చూస్తూ నిలబడ్డాడు.