పట్టికలో లేని మెరక

1998 ఫిబ్రవరిలో, దాళ్వా, అంటే రెండో పంట వరి ఏపుగా ఉన్న రోజుల్లో, నన్ను అమలాపురం పని మీద వేశారు. అప్పుడు నేను హైదరాబాదులో ఒక రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో సైంటిస్టుని. ఆరేళ్లలో పట్నం ఎటు పెరిగిందో ఉపగ్రహ చిత్రాల్లో చూసి భూవినియోగ పటం గీయాలి. మాస్టర్ ప్లాన్‌కు ఆ పటమే ఆధారం. మేం వ్యవసాయ భూమి అని రంగు వేస్తే అది చేనుగా మిగులుతుంది, బంజరు అని వేస్తే ఇళ్ల స్థలాలకు పోతుంది.

మా చిత్రాల్లో పైరు ఎర్రగా, నీరు నల్లగా, ఇసుక తెల్లగా కనిపిస్తాయి. ఒక్కో చుక్క నేల మీద సుమారు పద్నాలుగు సెంట్లు. ముక్తేశ్వరం వెళ్లే రోడ్డు పక్కన, ఎర్రటి వరి మధ్య, పాత చిత్రంలో లేని తెల్లమచ్చలు కొత్తదాంట్లో వరసగా కనబడ్డాయి. కంప్యూటర్ వాటిని ‘ఇసుక మేట’ అంది. అంటే వరద తెచ్చి పోసిన ఇసుక, బంజరు కింద లెక్క. మా ప్రాజెక్టు లీడరు గారు అదే ఖాయం చేశారు. ఏటిగట్టు తెగకుండా చేల నడుమకు వరద ఎలా వచ్చిందని అడిగితే, కంప్యూటర్‌నే అడగమన్నారు. నాకు ఒళ్లు మండింది. గ్రౌండ్ ట్రూత్‌కు, అంటే చిత్రంలోని చోటికి స్వయంగా వెళ్లి చూడడానికి, జీపు తీయించాను.

మచ్చల పక్కనే ఒక చేను చిత్రంలో నల్లగా ఉంది. వెళ్లి చూస్తే ఎకరం చేను, మోకాలి లోతు నీళ్లు, ఒక్క దుబ్బు లేదు. గట్టు మీద ఆ చేను గలావిడ సత్యవతి గారు నిలబడి ఉన్నారు. ఇక్కడికి వరద వచ్చిందా అని అడిగాను.

“వరదేంటండీ మేడమ్ గారూ! మెరక చేసేరు. ప్లాట్లు వేసి అమ్ముకోడానికి గోదారి లంకల్లోంచి ఇసుక తోలేరండీ. మా నీళ్లు మురుగు కాలవలోకి పోయే దారి దాని కింద పడిపోయింది. సార్వా కుళ్లిపోయింది, దాళ్వా ఊడ్చనే లేదు. ఇంకో పంట పోతే ఇదీ వాళ్లకే అమ్ముకోవాలండీ.”

కోనసీమలో పల్లపు చేలో ఎవరూ నేరుగా పునాది తియ్యరు. ముందు మట్టో ఇసుకో తోలి నేలను ఎత్తు చేస్తారు. అదే మెరక. నాకు అక్కడే నవ్వొచ్చింది. కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు, అది గోదావరి ఇసుకే. కాకపోతే వరదలో రాలేదు, ట్రాక్టరెక్కి వచ్చింది.

హైదరాబాదు వచ్చి, సర్వే పటంలోని మురుగు కాలువల గీతలను చిత్రం మీద పరిచాను. తెల్లమచ్చలు సరిగ్గా కాలువకు అడ్డంగా పడ్డాయి. ‘మెరక’ అని కొత్త తరగతి పెట్టి ఊదారంగు వేశాను. లీడరు గారు పటం వెనక్కి తోసి, దేశమంతా వాడే పట్టికలో అలాంటి తరగతి లేదన్నారు. ఆ పట్టిక రాసినవాళ్లు కోనసీమలో ఇల్లు కట్టి ఉండరన్నాను. తప్పయితే మాట నీకే వస్తుందన్నారు. రానివ్వండి అని సంతకం పెట్టాను.

ఆ పటం మీద అమలాపురంలో రెవెన్యూ డివిజన్ అధికారి, ఆర్డీఓ గారి దగ్గర సమావేశం. చేలవాళ్లనూ ప్లాట్లవాళ్లనూ కూడా పిలిచారు. ప్లాట్లు వేసినాయన లేచి, “అది ఎప్పణ్ణించో ఇసుక మేటేనండీ” అన్నారు. నేను కొత్త చిత్రం పక్కనే ఆరేళ్ల కిందటిది తగిలించాను. అదే చోటు, అంచు నుంచి అంచు దాకా ఎరుపు. ఆయన కూర్చున్నారు. ఆర్డీఓ గారు రెండు చిత్రాలూ, నా పటమూ దగ్గరికొచ్చి చూసి, ఇళ్లు లేవక ముందే ఊరు ఎటు పోతోందో ఈ పటం చెబుతోందే అన్నారు. ఆ మాటకు పొంగిపోయాను, దాచుకోలేదు కూడా. ఆ వరసలో ప్లాట్లకు అనుమతి ఆపి, కాలువ దారి తవ్వించమని అక్కడికక్కడే ఆదేశించారు. వెనక కుర్చీలోంచి సత్యవతి గారు, “ఆయ్, తవ్వించండి బాబు గారూ!” అన్నారు. గదంతా నవ్వింది.

మరుసటి ఏడాది దాళ్వా చిత్రం రాగానే ముందు ఆ చేనే వెతికాను. నల్లగా ఉన్న ఏడు చుక్కలూ ఎర్రగా ఉన్నాయి. లీడరు గారిని పిలిచి చూపించాను. ఆయన పట్టిక తెప్పించి, చివరి వరసలో ‘మెరక’ అని తన చేత్తోనే రాశారు.

ఆ తర్వాత ఏ పట్నం పని అప్పగించినా, చిత్రం తెరవక ముందే అక్కడివాళ్లను ఒకటి అడిగేదాన్ని. మీ ఊళ్లో ఇల్లు కట్టే ముందు నేలను ఏం చేస్తారండీ?